పిల్లల యాస: ఇల్లు నేర్పేదెంత, వీధి నేర్పేదెంత?

విజయవాడ నుంచి హైదరాబాదుకు కాపురం మార్చిన ఇళ్లలో తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది: "ఇంట్లో మేమెవరం అలా మాట్లాడం. వీడికి ఈ గట్ల, గిట్ల ఎక్కడ అంటుకున్నాయో!" వరంగల్ నుంచి విశాఖ వెళ్లిన ఇళ్లలోనూ ఇదే గోల, మాటలే వేరు. పిల్లల యాస గురించి మనకున్న నమ్మకాల్లాంటివే అన్ని దేశాల్లోనూ ఉన్నాయి. భాషావేత్తలు ఊళ్లకూ బడులకూ వెళ్లి పిల్లల మాటలు రికార్డు చేసి చూస్తే వాటిలో చాలావరకు నిలబడలేదు.

అపోహ: యాస తల్లి ఒడిలోనే స్థిరపడిపోతుంది.

వాస్తవం: తొలి యాస అమ్మదే. ఆ తర్వాత పగ్గాలు తోటిపిల్లల చేతికి పోతాయి. దీన్ని పరీక్షించడానికి ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్ భలే అనువైన చోటు. 1967లో ప్రభుత్వం తలపెట్టిన కొత్త పట్నం అది. లండన్ నుంచి, స్కాట్లాండ్ నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో కుటుంబాలు వచ్చి చేరాయి. పాతకాపుల కంటే వలస వచ్చినవాళ్లే ఎక్కువయ్యారు. 1990లలో పాల్ కెర్స్‌విల్, ఆన్ విలియమ్స్ అక్కడ నాలుగు, ఎనిమిది, పన్నెండేళ్ల పిల్లల మాటలనూ వాళ్ల తల్లుల మాటలనూ పక్కపక్కన పెట్టి చూశారు. నాలుగేళ్లవాళ్లు చాలావరకు అమ్మ పలికినట్టే పలికారు. ఎనిమిదేళ్లవాళ్లలో ఆ పోలిక సడలింది. పన్నెండేళ్లవాళ్లకు అమ్మ పలుకుతో కన్నా పక్కింటి నేస్తం పలుకుతోనే పోలిక ఎక్కువ. తల్లులవి తలో యాస. పిల్లలది మాత్రం ఒక్కటిగా కుదురుకుంటోంది.

అపోహ: చిన్నపిల్లలు ఏ ఊరు వెళ్తే ఆ ఊరి యాసను మొత్తంగా ఇట్టే పట్టేస్తారు.

వాస్తవం: మాటలు త్వరగా పడతాయి. పలుకుబడి నెమ్మదిగా వస్తుంది. యాస లోపలుండే నియమాలు కొందరికి ఎన్నటికీ పట్టుబడవు. అమెరికాలో ఫిలడెల్ఫియా శివారున కింగ్ ఆఫ్ ప్రష్యా అనే ఊరుంది. వలస వచ్చిన కుటుంబాల పిల్లలను 1970లలో ఆర్విల్లా పేన్ అక్కడ పరిశీలించింది. ఆ ప్రాంతంవాళ్లు 'మ్యాడ్, బ్యాడ్, గ్లాడ్' మాటల్లో అచ్చును బిగబట్టి పలుకుతారు, 'శాడ్'లో మాత్రం వదులుగా వదిలేస్తారు. ఎందుకలా అని అడిగితే వాళ్లూ చెప్పలేరు. తల్లిదండ్రులు వేరే రాష్ట్రంవాళ్లయితే, పిల్లలు ఆ ఊళ్లోనే పుట్టినా ఈ కిటుకు పూర్తిగా వంటబట్టలేదు. అంటే మొదటి అపోహలోనూ కొంత నిజముందన్నమాట!

వయసు సంగతి చూస్తే, కెనడా నుంచి దక్షిణ ఇంగ్లండుకు వెళ్లిన రెండు కుటుంబాల పిల్లలను గమనించి జాక్ చేంబర్స్ 1992లో ఒక అంచనా చెప్పాడు. ఏడేళ్లలోపు వెళ్లినవాళ్లకు కొత్త యాస దాదాపు ఖాయం. పద్నాలుగు దాటాక వెళ్తే రావడం కష్టం. నడుమ వయసులో ఎవరి సంగతి వారిదే. ఈ లెక్కన మన కోస్తా పిల్లవాడికి 'గట్ల' పట్టుకోవడం తేలిక. ఇంట్లో 'వచ్చాను' వింటూ, బయట 'వచ్చిన, పోయిన, చేసిన' అని ప్రతి క్రియనూ తడబడకుండా నడపడమే కష్టమై ఉండాలి.

అపోహ: రెండు యాసలు వింటే పసివాళ్లు తికమకపడతారు.

వాస్తవం: స్కాట్లాండ్ ఈశాన్య తీరంలో బకీ అనే జాలరి ఊరుంది. అక్కడ ఇంటిని 'హూస్' అంటారు, ప్రామాణిక ఇంగ్లిష్‌లో 'హౌస్'. తల్లులు పిల్లలకు నేర్పేటప్పుడో, మందలించేటప్పుడో 'హౌస్' వైపు మొగ్గుతారు, ఆటపాటల్లో 'హూస్'కు దిగుతారు. ఎప్పుడు ఏది వాడాలో ఆ పిల్లలు నాలుగేళ్లలోపే గ్రహించారని జెనిఫర్ స్మిత్ బృందం చూపించింది.

అపోహ: అంతా టీవీ, సినిమాల ప్రభావమే.

వాస్తవం: ఊతపదాలు, డైలాగులు అక్కడి నుంచి వస్తాయి, సరే. యాస రావాలంటే ఎదురుగా మాట్లాడే మనిషి కావాలి. గ్లాస్గోలో ఒక మినహాయింపు కనిపించింది. లండన్ కథల సీరియల్ 'ఈస్ట్ఎండర్స్'లో లీనమయ్యే కుర్రకారు 'థింక్'ను లండన్ తీరులో 'ఫింక్' అనడం ఎక్కువని జేన్ స్టువార్ట్-స్మిత్ గమనించింది. అయితే ఆ మార్పులో బడిలో ఎవరితో తిరుగుతారన్నదీ లెక్కకొచ్చింది. టీవీ దానికి తోడైంది.

అపోహ: కుర్రవయసులో భాష చెడిపోతుంది.

వాస్తవం: ఆ వయసులో యాస ఒక జెండా. 1980ల తొలినాళ్లలో డెట్రాయిట్ శివారు హైస్కూల్లో పెనెలొపీ ఎకర్ట్ రెండు జట్లను చూసింది. బడి వ్యవహారాల్లో ముందుండే 'జాక్‌'లు ఒకవైపు. బడిని లెక్కచేయక నగరంవైపు చూసే 'బర్నౌట్‌'లు రెండోవైపు. ఎలా పలుకుతారన్నది తల్లిదండ్రుల హోదా కన్నా, పిల్లలు చేరిన జట్టును బట్టే ఎక్కువగా తేలింది. నగర యాసను అందరికన్నా ముందుకు తీసుకెళ్లినవాళ్లు బర్నౌట్ అమ్మాయిలు!

అపోహ: యాస మాట్లాడే పిల్లలకు చదువు సరిగ్గా రాదు.

వాస్తవం: మన సినిమాలు ఏళ్లతరబడి తెలంగాణ, ఉత్తరాంధ్ర యాసలను హాస్యగాళ్లకో రౌడీలకో అంటగట్టి ఈ నమ్మకాన్ని పోషించాయి. యాసకూ తెలివికీ ముడిలేదు. చదువుకు అడ్డొచ్చేది ఆ యాసను తప్పుగానో, మొద్దుతనంగానో లెక్కగట్టే బడి. అమెరికాలోని యాన్ ఆర్బర్‌లో నల్లజాతి తల్లులు ఇదే వాదనతో కోర్టుకెళ్లారు. 1979లో న్యాయమూర్తి చార్లెస్ జాయినర్ వాళ్లవైపు తీర్పిచ్చాడు. పిల్లల ఇంటి భాషను ఉపాధ్యాయులు గుర్తించేలా, దాని ఆసరాతో చదవడం నేర్పేలా ముప్పై రోజుల్లో ప్రణాళిక ఇవ్వాలని బడి యంత్రాంగాన్ని ఆదేశించాడు.