ఎదురీత నేర్పుట

క్రైస్తవుడు లోకమర్యాద ననుసరింపరాదని మన పిల్లలకు చిన్ననాటినుండియు చెప్పుచున్నాము. పండ్రెండేండ్ల వరకు వారు ఆ మాటను ప్రశ్నింపక విందురు. పదునాలుగు పదునైదేండ్లు వచ్చుసరికి, "లోకమర్యాద యనగా నేమి? అందులో మాకు కూడనిది ఏది?" అని యడుగ నారంభింతురు. అడుగుట మంచిదే. మన యుత్తరమే తరచుగా చాలకున్నది. సినిమా చూడవద్దు, నగలు పెట్టవద్దు, సెల్‌ఫోను ముట్టవద్దు అని యొక పట్టిక చదివి ఊరకుందుము. అందులో యుక్తమైనవియు కలవు. అయినను ఆ పట్టికను మాత్రమే వినిన బాలుడు తన విశ్వాసమును పొలముచుట్టు వేసిన కంచెగా నెంచును. కంచె కనబడినచో దాటి చూడవలెనని తోచుట ఆ వయస్సునకు సహజము.

మరికొందరు పెద్దలు, తెలుగువారి అలవాటులన్నియు లోకసంబంధమైనవనియు, ఇంగ్లీషు పేరును ఇంగ్లీషు పాటయు వచ్చినచో పిల్లవాడు లోకమును విడిచెననియు తలంతురు. ఒక లోకపు బట్టలు విడిచి మరియొక లోకపు బట్టలు కట్టుకొనుట యెదురీత యెట్లగును? పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) క్రీస్తును తెలుగు రాగతాళములలోనే కీర్తించిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమందలి వారి పాటలను నేటికిని మన గుడులలో పాడుచున్నాము. వారి భక్తి తక్కువదని ఎవరును అనజాలరు.

అట్లైన మన విశ్వాసము ఏటికి ఎదురుగా పోవు తావు ఏది? నాకు తోచినంతవరకు అది గౌరవమును గూర్చిన తావు. ఎవరు ముందు కూర్చుండవలెను, ఎవరు వెనుక నిలువవలెను, ఎవరి కంచము ఎవరు ముట్టవచ్చును, ఏ దేశపు లోకమైనను బిడ్డకు మొదట నేర్పు పాఠము ఇదియే. సువార్తలలో ప్రభువు మాటిమాటికి తలక్రిందులు చేసినదియు ఈ పాఠమునే. విందునకు పిలువబడినవాడు కడపటి చోటును ఎంచుకొనవలెనని బోధించెను. తానే శిష్యుల పాదములు కడిగెను. మత్తయి సువార్త యిరువదియవ అధ్యాయములో జెబెదయి కుమారుల తల్లి వచ్చి, తన కొడుకులకు రాజ్యములో కుడియెడమల స్థానములు కావలెనని మనవి చేయును. ఈ భాగము చదువునప్పుడు పదవ తరగతివారు నవ్వుదురు. "సీటు" అను మాట తమ యిండ్లలో దినమున కెన్నిమారులు వినబడునో వారికి తెలియును. నేను ఆ తల్లిని నిందింపను. బిడ్డకు మంచి స్థానము కోరని తల్లి యుండదు. అన్యజనుల అధికారుల రీతి తనవారిలో నుండరాదని మాత్రము ప్రభువు శిష్యులందరికి తేటగా చెప్పెను. బాగుగా చదువుకొనుటకు ఇది అడ్డము కాదు. చదివిన చదువు ఎవరి పనికి వచ్చునన్నదే ప్రశ్న.

ఈ సంగతి పిల్లలకు బోధపడుటకు దూరదేశపు కథ వెదకనక్కరలేదు. ఒంగోలు చరిత్ర చాలును.

అమెరికను బాప్తిస్టు మిషనువారు 1836లో తెలుగు దేశమునకు వచ్చిరి. అనేక సంవత్సరములు పాటుపడినను ఫలము స్వల్పముగా నుండెను. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురము పెట్టిరి. పట్టణమందలి పైకులముల పెద్దలు వారిని ఆదరించి, తమ పిల్లలకు బడి కావలెనని కోరిరి. ఆ కాలముననే చర్మవ్యాపారము చేయు యర్రగుంట్ల పేరయ్యగారును, వారివంటి మరికొందరు మాదిగలును విశ్వాసులై వచ్చిరి. వీరిని చేర్చుకొనినచో మా పిల్లలు మీ బడికి రారని పెద్దలు చెప్పిరి. అది చిన్న మాట కాదు. పైవారు వచ్చినచో క్రిందివారు వారి వెనుకనే వత్తురని ఆ దినములలో పలువురు మిషనరీలు నమ్మియుండిరి. దొరగారు ఏమి చేయుటకును తోచక తమ గదిలో ఒక బైబిలు తీసి విప్పగా, కొరింథీయులకు వ్రాయబడిన మొదటి పత్రికలోని మొదటి అధ్యాయపు చివరి భాగము కంటబడెను. లోకము తృణీకరించినవారిని దేవుడు ఏర్పరచుకొనుటను గూర్చిన భాగమది. తమ భార్య హ్యారియెట్టుగారికిని ఆ సాయంకాలమే, వేరుగా, అదే భాగము కంటబడినదని వారు తరువాతి కాలమున తెలిపిరి. మాదిగలను చేర్చుకొనిరి. పైకులముల పిల్లలు బడి విడిచిపోయిరి. 1867 జనవరి 1వ తేదీన ఒంగోలు సంఘము ఎనిమిదిమందితో ఏర్పడెను.

గ్రామములలో విశ్వాసులైనవారికి మూడు నియమములు పెట్టబడెను: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. చూచుటకు ఇవియు నిషేధముల పట్టికయే. అయితే ఆదివారము పని మానుట యనగా, పిలిచినప్పుడెల్ల రావలెనని యెంచు ఆసామితో "నేడు రాను" అనుట. జాతరలో డప్పు కొట్టననుట యనగా, తరతరములుగా ఊరు తమకు విధించిన స్థానమును కాదనుట. ఇందుకై వారు పనులు పోగొట్టుకొనిరి, దెబ్బలు తినిరి. నిషేధము వెనుక నున్న ఈ తలయెత్తు సంగతి చెప్పినప్పుడు, అంతవరకు బల్లమీద వాలియున్న పిల్లలు నిటారుగా కూర్చుండుట చూచియున్నాను.

అటుపిమ్మట ధాత కరవు వచ్చెను. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమంతయు అల్లాడెను. దొరగారు పూర్వము తమ దేశమున భూమి కొలుచు పని నేర్చినవారు. కనుక బకింగ్‌హాము కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పనియు కూలియు దొరకునట్లు చేసిరి. తెలుగు బోధకులే మేస్త్రీలైరి. పగలు త్రవ్వినవారు విశ్రాంతివేళ బోధ వినిరి. అనేకులు బాప్తిస్మము కోరిరి. దొరగారు ఇయ్యలేదు. 1877 మార్చి మొదలు 1878 జూను వరకు, సుమారు పదునైదు మాసములు, ఒక్కరినైనను చేర్చుకొనలేదు. ఇక పంచిపెట్టుటకు ధనము లేదని తెలిసిన తరువాతను జనులు వచ్చి కోరగా, అప్పుడు ద్వారము తెరచిరి. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఒక్కొక్కసారి ఇద్దరు చొప్పున నీటిలో దిగిరి.

ఈ 2,222 అను సంఖ్య పిల్లల నోటికి వెంటనే వచ్చును. పరీక్షలోను అదియే వ్రాయుదురు. నేను నల్లబల్లమీద దాని ప్రక్కను సున్న యొకటి వేసి, ఆ పదునైదు మాసముల లెక్క ఇదియని చూపుదును. ఏ సంస్థ నివేదికలోనైనను సంఖ్యయే గౌరవము. ఆ గౌరవము తనంతట తాను వాకిటికి వచ్చినప్పుడు వలదనుట యెంత కష్టమో, మార్కుల పట్టికతో బ్రతుకు మన పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు. "ఆకలిగొన్నవాడు దేవుని వెదకుట తప్పా?" అని యొక బాలుడు నన్నడిగెను. తప్పు కాదు. ఆకలియు విశ్వాసమును ఒకే మనస్సులో నుండవచ్చును. ఆ రెంటిని విడదీయుట మనతరము కాదు. దొరగారు ఆ పేదల హృదయములకు తీర్పు తీర్చలేదనియు, వారి కష్టమును తమ గొప్పకు వాడుకొనకుండిరనియు నేను గ్రహించుచున్నాను.

పాఠము చెప్పు విధమును గూర్చి ఉపాధ్యాయులకు ఒక మాట. యాకోబు పత్రిక రెండవ అధ్యాయమునుండి, బంగారుటుంగరము పెట్టుకొనినవాడును మురికిబట్టల బీదవాడును ఒకే సమాజములోనికి వచ్చు భాగమును పిల్లలచేత చదివింపవలెను. వెంటనే వివరింపరాదు. "వచ్చు ఆదివారము మీ గుడిలో చూచి రండి, కుర్చీ ఎవరికో, చాప ఎవరికో" అని పంపవలెను. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె ఒకప్పుడు తెచ్చిన సమాచారమిది: వారి గుడి ఊడ్చు స్త్రీ క్రిస్మసు భోజనమునాడు, అందరి విస్తరాకులు ఎత్తిన పిమ్మట, వంటపాక వెనుక ఒంటరిగా తినినది. ఎవరును ఆమెను పొమ్మనలేదు, రమ్మనియు అనలేదు. మరుసటి యేట ఆ బాలికయు ఆమె స్నేహితురాండ్రిద్దరును ఆ స్త్రీని పిలిచి తమ బంతిలో కూర్చుండబెట్టుకొనిరి. సంఘపెద్ద యొకరు నాయొద్దకు వచ్చి, పిల్లలకు పెద్దలయెడల అమర్యాద నేర్పుచున్నారని వాదించిరి. వారు ఎవరిని ఒక్క మాటయైన అనలేదు గదా యంటిని. "అనకుండుటయే మాకు మరింత కష్టముగా నున్నదండి" అనిరి. వారి మాటలో నిజము కలదు.

పెద్ద తరగతులలో వరకట్నపు ప్రశ్నను తప్పించుకొనరాదు. 1961లో చట్టము దానిని నిషేధించినను, మన క్రైస్తవ కుటుంబములలో అది నేటికిని నడచుచున్నది. నిశ్చయ ప్రార్థన జరుగునాటికి బేరము ముగిసియుండును. ప్రభువు బల్లయొద్ద ఒకే రొట్టెలో పాలుపొందినవారు, పెండ్లిమాటలు వచ్చినప్పుడు పూర్వపు కులపు వరుసలు తవ్వి తీయుదురు. ఈ పాఠమునాడు బాలికలు మాటలాడుదురు. బాలురు నేలచూపులు చూతురు. "నీ వెల యెంత?" అని బాలుర నడుగుట నాకు అలవాటు. మొదట నవ్వుదురు, తరువాత నవ్వరు.

సులభమైన యుత్తరము లేని ప్రశ్న యొకటి కలదు. 1950 నాటి రాష్ట్రపతి యుత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకే పరిమితము చేసెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. అందుచేత కొందరు పిల్లలకు గుడిలో ఒక పేరును, బడి పుస్తకములలో ఒక పేరును ఉండును. "సత్యమే పలుకుమని మీరే చెప్పుదురు గదా, నేనేమి వ్రాయవలెనండి?" అని యడుగు బాలుని వేషధారి యనుట అన్యాయము. డప్పు మానినందుకు అతని ముత్తాతలు చెల్లించిన వెలను అతడు మరియొక రీతిగా చెల్లించుచున్నాడు. ఆ బరువును పదునైదేండ్ల వానిమీదనే వేయక, తలిదండ్రులును సంఘకాపరియు అతనితో కూర్చుండి మాటలాడవలెను. తరగతిగదిలో, నలువదిమంది యెదుట, తేల్చవలసిన సంగతి కాదది.

ఈ సంవత్సరము మన పాఠశాల క్రిస్మసు భోజనమునకు బంతులు తీర్చు పనిని పదవ తరగతివారు అడిగి తీసికొనిరి. వంటవారును, ఊడ్చువారును, కావలివారును ఆ దినమున వడ్డింపరాదనియు, మొదటి బంతిలో కూర్చుండవలెననియు వారు ప్రధానోపాధ్యాయులకు వ్రాసి యిచ్చియున్నారు. విచ్చేయు తలిదండ్రులు తమ కొరకు ముందువరుసలో కుర్చీలు కనబడనిచో ఆశ్చర్యపడవలదని మనవి. చాపలు కావలసినన్ని తెప్పించితిమి.