జీతం లేని దొరలు, పేరు లేని బోధకులు

1836లో ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి ఇద్దరు పనివాళ్లు భార్యలతో సహా వచ్చి మద్రాసులో ఓడ దిగారు. విలియం బౌడెన్ రాతిపని చేసే మేస్త్రీ. జార్జి బీర్ చెప్పులు కుట్టేవాడు. ఇద్దరివీ పెద్ద చదువులు కావు. కంపెనీ కొలువు లేదు, వెనక ఏ మిషన్ సొసైటీ లేదు, నెల తిరిగేసరికి చేతికొచ్చే జీతం లేదు. మచిలీపట్నంలో కొన్నాళ్లుండి తెలుగు అక్షరాలు దిద్దుకుని నరసాపురం, పాలకొల్లు చేరారు. గోదావరి డెల్టా మిషన్ అనే పేరు తర్వాత వచ్చింది. మొదట ఉన్నది ఈ రెండు కుటుంబాలే.

ఇవాళ పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్లే దారిలో కాలువ, కొబ్బరితోట, చేపల చెరువు ఒకదాని వెంట ఒకటి కనిపిస్తాయి. ఆనాడు అటు రావడమంటే లోకానికి దూరంగా పోవడమే. ధవళేశ్వరం ఆనకట్ట లేదు. వాన పడితే వరద, పడకపోతే కరువు. 1832–33 నాటి నందన కరువు దెబ్బ నుంచి ఈ సీమ ఇంకా లేవలేదు. సర్కారు లెక్కల ప్రకారం 1821లో రాజమండ్రి జిల్లాలో 7,38,308 మంది ఉంటే, 1841కి 5,61,041 మంది మిగిలారు. ఇరవై ఏళ్లలో పెరగాల్సిన జనం తరిగిపోయారు. కొందరు చచ్చిపోయారు, కొందరు ఊళ్లొదిలి పోయారు. మధ్యలో 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన కోరంగి రేవును ఊడ్చేసింది.

అయితే నరసాపురం పేరు లేని పల్లె ఏమీ కాదు. పక్కనే ఉన్న మాధవాయిపాలెంలో ఇంగ్లీషువాళ్లు గిడ్డంగి పెట్టి బట్ట కొనేవారు. ఆ ఊరి పేరు మీదే మడపోలం గుడ్డ సీమలో చెలామణీ అయింది. పాలకొల్లులో డచ్చివాళ్లు రెండు వందల ఏళ్ల పాటు వ్యాపారం చేసి, 1825లో దాన్ని ఇంగ్లీషువాళ్లకు అప్పగించి పోయారు. నరసాపురం రేవులో ఓడలు కట్టేవాళ్లు. బౌడెన్, బీర్ వచ్చేనాటికి ఆ వైభవం పడిపోతోంది. మిల్లు గుడ్డ వచ్చి మగ్గం పడుకుంది. లాభం చూసుకునేవాళ్లు సర్దుకుని పోతున్న రోజుల్లో, లాభంతో పని లేని ఇద్దరు వచ్చి కాపురం పెట్టారన్నమాట.

వీళ్లను తీసుకొచ్చినవాడు ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్. ఎక్సెటర్‌లో పళ్ల వైద్యుడిగా బాగా గడించి, అదంతా వదిలేసి మిషన్ పనిలో దిగినవాడు. తర్వాతి కాలంలో బ్రదరన్ అని పేరుబడిన సహవాసానికి ఆద్యుల్లో ఒకడు. దేవుని పనికి జీతం కుదుర్చుకోకూడదు, అవసరానికి తగ్గట్టు ఎవరైనా పంపితే పుచ్చుకోవాలి, చేతనైతే చేతిపని చేసుకుని బతకాలి అన్నది వాళ్ల మాట. బార్న్‌స్టేపుల్‌లో రాబర్ట్ చాప్‌మన్ నడిపిన సంఘం నుంచి బౌడెన్, బీర్ ఆ మాట నమ్ముకుని బయల్దేరారు. ఈ రోజుల్లో స్వచ్ఛంద సేవ అంటే రెండు వారాల సెలవు, తిరుగు టిక్కెట్టు, ఫోటోలు. వాళ్లది తిరుగు టిక్కెట్టు లేని ప్రయాణం.

బ్రౌను నిఘంటువు అప్పటికి అచ్చు కాలేదు. వీధి మొగల్లో, సంతల్లో, రేవుల్లో నిలబడి విన్న తెలుగే వాళ్ల చదువు. ఒక్క సంగతి నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. దొర అంటే పల్లకీ, బంట్రోతు, కచేరీ అని జనం అనుకునే రోజులవి. అలాంటప్పుడు చెప్పులు కుట్టి బతికిన దొర ఒకడు వచ్చాడు. తోలు ముట్టిన చేతులకు ఈ దేశంలో ఏ చోటు దక్కుతుందో మనకు తెలుసు. పేటల్లో ఆ కబురు ఏ ప్రసంగం కన్నా ఎక్కువ దూరం పాకి ఉంటుందని నా గట్టి నమ్మకం.

1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టాడు. వేల మంది కూలీలు పెళ్లాం పిల్లలతో వచ్చి ఏటి గట్టున గుడిసెలు వేసుకున్నారు. ఊరూరా తిరిగి పది మందిని పోగు చెయ్యలేని చోట, అన్ని ఊళ్ల జనమూ ఒక్కచోటికే వచ్చినట్టయింది. నరసాపురం బోధకులు ధవళేశ్వరం వెళ్లి వాళ్ల మధ్య పని చేశారు. ఆనకట్ట 1852లో పూర్తయింది. మరుసటి ఏడు బీర్ పోయాడు. బౌడెన్ 1876లో పోయేదాకా ఈ నేలనే అంటిపెట్టుకున్నాడు. వాళ్ల కొడుకులు ఇక్కడే పని అందుకున్నారు. నూరేళ్లు నిండాక ఇ.బి. బ్రామ్లీ అనే మిషనరీ ఆ చరిత్రను ఇంగ్లీషులో పుస్తకంగా రాశాడు. కాటన్ దొర విగ్రహం లేని ఊరు గోదావరి జిల్లాల్లో వెతుక్కోవాలి. అది న్యాయమే. బౌడెన్, బీర్ పేర్లు మాత్రం వాళ్ల సంఘాల బయట పలికేవారు లేరు.

వాళ్లు వదిలిపోయినదేమిటో చూడాలంటే ఆదివారం పొద్దున్న ఏదైనా బ్రదరన్ సహవాసానికి వెళ్లాలి. గుమ్మం బయట చెప్పులు, లోపల చాపలు. ఒక వైపు మగవాళ్లు, ఒక వైపు ఆడవాళ్లు. ఆడవాళ్లందరి తలల మీదా కొంగు. తెల్లచీరలే ఎక్కువ. అడుగు పెట్టినవాళ్లకు ముందుగా వినిపించేది ‘వందనాలండీ’. నిలువంగీ తొడిగిన గురువు ఎక్కడా కనపడడు. పాట ఎత్తుకోవాలనిపించినవాడు ఎత్తుకుంటాడు, ప్రార్థన చెయ్యాలనిపించినవాడు లేచి చేస్తాడు. మధ్యలో చాలాసేపు ఎవరూ మాట్లాడకపోయినా ఎవరూ కంగారు పడరు. తర్వాత ఒక రొట్టె, ఒక గిన్నె చేతులు మారుతాయి. పొలంలో కూలికెళ్లే మనిషీ బ్యాంకులో పనిచేసే మనిషీ అదే రొట్టెలో ముక్క తుంచుకుంటారు. ఒకప్పుడు ఒక గ్లాసు మంచినీళ్లకు నాలుగు కట్టుబాట్లున్న ఊళ్లివి. ఆ గిన్నె చేతులు మారడం ఎంత పెద్ద మార్పో అక్కడ కూర్చుని చూస్తే తప్ప తెలీదు.

మిషనరీలు నాటిన మరో పని ఈ ఊళ్ల అరుగుల మీద ఇప్పటికీ కనపడుతుంది. నరసాపురం లేసు. 1844లో మాక్రే అనే స్కాట్లండు దంపతులు ఇక్కడి ఆడవాళ్లకు నేర్పారని ప్రతీతి. సన్నని కొక్కెం సూది, నూలు దారం, వేలికి ఒక చుట్టు. ముందు ముడి, ముడి మీద గొలుసు, గొలుసు మీద రేకు. అలా పువ్వులు అల్లడాన్ని చేతిపని అంటారు. ఆ పువ్వులన్నీ కలిపి బల్లగుడ్డగానో దుప్పటిగానో కూర్చడం అతుకుపని. అల్లే మనిషి కళ్లు దారం మీద ఉండవు. పొయ్యి మీద అన్నం చూస్తుంది, పిల్లాణ్ణి కసురుతుంది, పక్కింటావిడతో మాట్లాడుతుంది. వేళ్లు మాత్రం ఆగవు.

పేద క్రైస్తవ స్త్రీలకు నాలుగు డబ్బులు రావాలని పెట్టిన పని అది. తర్వాత అన్ని కులాల ఇళ్లకూ పాకింది, వ్యాపారమైంది, విదేశాలకెళ్లింది. మంచి మనసుతో మొదలైన పని మంచిగానే సాగుతుందన్న హామీ ఏమీ లేదు. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఈ ప్రాంతంలో పరిశోధన చేసి, నరసాపురం లేసు కార్మికుల మీద 1982లో పుస్తకం తెచ్చింది. రోజంతా అల్లే ఆడమనిషిని ‘ఇంట్లో ఖాళీగా ఉండి కాలక్షేపానికి చేసుకునేది’గా లెక్కగట్టి కూలి తెగ్గోశారనీ, లాభం ఎగుమతిదారుల జేబుల్లోకి పోయిందనీ అందులో చూపించింది. ఆ మాట ఇప్పటికీ చెల్లుతుంది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు వల్ల అల్లే చేతికి ఎంత దక్కుతుందో చూడాల్సిన బాధ్యత సర్కారుకూ ఉంది, ఈ పనిని తమ పూర్వికుల దానంగా చెప్పుకునే సంఘాలకూ ఉంది.

డెల్టా వదిలి ఏటికి ఎదురు వెళితే పాపికొండలు దాటాక భద్రాచలం, దానికింకా ఎగువన దుమ్ముగూడెం. అసలు అడవి సీమ అదీ. గోదావరి మీద లోపలి సీమల దాకా పడవలు నడపాలని తెల్లవాళ్లు అక్కడ ఆనకట్ట, లాకులు కట్టబోయారు. 1860 ప్రాంతంలో ఆ పనులు చూసిన ఇంజనీరు కెప్టెన్ హేగ్. భక్తిపరుడు. చుట్టూ ఉన్న కోయలకు సువార్త చెప్పేవాళ్లు లేరని బాధపడ్డాడు. అక్కడే ప్రభుత్వ కొలువులో ఉన్న వెంకటరామరాజు అనే తెలుగాయన హేగ్ సావాసంతో క్రైస్తవుడయ్యాడు. క్షత్రియ కుటుంబం, మంచి ఉద్యోగం. రెండింటినీ కాదనుకుని కోయగూడేల్లో పనికి దిగాడు. జ్వరాల అడవి అది. వాన కాలమొస్తే దారులుండవు. ఆ ప్రయాణాన్ని తెల్లదొర చేస్తే త్యాగమని పుస్తకాల్లోకి ఎక్కుతుంది. మనవాడు చేస్తే సొంత కులమే వెలివేసే రోజుల్లో ఆయన అది చేశాడు. నా దృష్టిలో గోదావరి మిషన్ చరిత్ర మొత్తంలో అన్నిటికన్నా పెద్ద అడుగు అది.

1871లో పడవ దారి పథకం మూలబడింది. ఇంజనీర్లు వెళ్లిపోయారు. మిషన్ మాత్రం మిగిలింది. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ ఏళ్ల తరబడి కోయల మధ్య ఉండి, వాళ్ల పెళ్లిళ్లు, చావులు, కొలుపులు, మాట తీరు రాసి ‘ఇండియన్ యాంటిక్వరీ’లో అచ్చు వేయించాడు. థర్‌స్టన్ 1909లో దక్షిణ దేశపు కులాల మీద సంపుటాలు తెచ్చినప్పుడు కోయల గురించి రాసింది చాలా మటుకు కెయిన్ రాతల మీద ఆధారపడే.

రాజమండ్రి లూథరన్ల కథ వేరే వ్యాసానికి సరిపోతుంది. ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. అమెరికా లూథరన్లు రాజమండ్రి పనిని వేరే మిషన్‌కు అప్పగించబోతుంటే, 1869లో ఫాదర్ హేయర్ నేను వెళ్తానని లేచాడు. 1793లో పుట్టిన మనిషి. డెబ్బై ఆరేళ్లు. వచ్చి పనిని నిలబెట్టాడు. డాక్టర్ లిడియా వోర్నర్ 1899లో వచ్చి ఆడవాళ్లకు, పిల్లలకు వైద్యం మొదలుపెట్టి ఆసుపత్రి దాకా తీసుకెళ్లింది.

ఇన్ని పేర్లు చెప్పాక, చెప్పలేకపోతున్న పేర్లే ఎక్కువ గుర్తొస్తున్నాయి. ఊరికి దొర ఏడాదికి ఒకసారి వచ్చేవాడు. మిగతా అన్ని రోజులూ ఉన్నది ఉపదేశకుడు. పొద్దున పిల్లలకు ఓనమాలు, పగలు తన కూలి, రాత్రి లాంతరు చుట్టూ పెద్దవాళ్లకు వాక్యం. బైబిల్ స్త్రీలని ఉండేవారు. మగవాళ్లు గడప తొక్కలేని ఇళ్లలోకి వెళ్లి, ఆడవాళ్లకు చదవడం నేర్పేవారు. వాళ్లలో చాలామంది వితంతువులు, పేటల నుంచి వచ్చినవాళ్లు. గోదావరి జిల్లాల్లో మూడు తరాల టీచర్లు, నర్సులు, గుమాస్తాలు ఉన్న దళిత కుటుంబాన్ని కదిపితే మొదటి అక్షరం దగ్గర ఇలాంటి అయ్యగారో అమ్మగారో కనపడతారు.

దానికి వాళ్లు ధర కూడా చెల్లించారు, ఇంకా చెల్లిస్తున్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవం పుచ్చుకున్న దళితులకు ఎస్సీ హోదా లేకుండా పోయింది. మన రాష్ట్రంలో వాళ్లను బీసీ-సీలో పెట్టి ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు. పేట మారలేదు, పక్క వీధి చూపు మారలేదు, కాగితం మీద కులం మాత్రం మారింది.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు మునిగాయి. అలాంటి వేళ బియ్యం మూటలు, పాల ప్యాకెట్లు వేసుకుని పడవల్లో వెళ్లేవాళ్లలో డెల్టా సంఘాల యువకులూ ఉంటారు. మంచిదే. ఏరు తీశాక కూడా వెళ్లేవాళ్లు కావాలి. కోయభాష నాలుగు ముక్కలు నేర్చుకుని, ఒక గూడెంలో ఒక బడి పిల్లలకు రెండేళ్లు తోడుండే మనిషి, ఒక పూట మెడికల్ క్యాంపు కన్నా ఎక్కువ మేలు చేస్తాడు. నరసాపురంలో మిషనరీలు కుష్ఠు రోగుల కోసం పెట్టిన బెథెస్డా ఆసుపత్రి ఉంది. అటు వెళ్లాలంటే అడవి దాకా పోనక్కర్లేదు, ఆటో చాలు.

నరసాపురం, పాలకొల్లు, రాజమండ్రి, దుమ్ముగూడెం సంఘాల పెద్దలకు ఒక విన్నపం. మీ బీరువాల్లో చెదలు పడుతున్న బాప్తిస్మపు పుస్తకాలు, పాత జీతాల చిట్టాలు, మిషన్ బడుల హాజరు పట్టీలు బయటికి తీయండి. వాటిలో ఉపదేశకుల పేర్లు, బైబిల్ స్త్రీల పేర్లు ఉంటాయి. ఫోనుతో ఫోటోలు తీసి భద్రపరచండి. ఆ పేర్లు రాసిన పలక ఒకటి దొరల సమాధుల పక్కనే పెట్టించండి. మీ ఇంట్లో తాతమ్మ ఎవరి దగ్గర అక్షరాలు దిద్దిందో తెలిసిన ముసలివాళ్లు ఇంకా బతికే ఉంటే, ఈ ఆదివారమే అడిగి రాసుకోండి.