ఫౌల్ ఎవరి ఖాతాలో పడుతుంది?

గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో తెలుగు టైటాన్స్ కబడ్డీ చూసినవాళ్లకి కార్డుల సంగతి తెలుసు. ఆకుపచ్చది హెచ్చరిక, పసుపు పడితే రెండు నిమిషాలు బయట, ఎరుపు పడితే ఇక ఆ మ్యాచ్‌లో లేనట్టే. అదే కంటితో బాస్కెట్‌బాల్ చూస్తే తికమక తప్పదు. నిమిషానికోసారి విజిల్ మోగుతుంది, ఫౌల్ చేసినవాడేమో ఏమీ జరగనట్టు మళ్లీ ఆటలో పడిపోతాడు.

ఇక్కడ మామూలు ఫౌల్ నేరం కాదు, ఖర్చు. అంతర్జాతీయ సమాఖ్య ఫిబా నిబంధనల ప్రకారం ఐదో ఫౌల్‌తో ఆటగాడు బయటకి వెళ్లాలి. మ్యాచ్ 48 నిమిషాలు సాగే అమెరికా లీగ్ ఎన్‌బీఏలో ఆరోదాకా ఓపిక పడతారు. జట్టు ఖాతా వేరు. ఫిబా ఆటలో ఒక క్వార్టర్‌లో నాలుగు ఫౌల్స్ అయిపోయాక, బంతి ఎదుటివాళ్ల దగ్గర ఉండగా ముట్టుకున్నారంటే వాళ్లకి రెండు ఫ్రీ త్రోలు.

ఈ లెక్క తెలిసే, చివరి నిమిషంలో వెనకబడ్డ జట్టు కావాలని ఫౌల్ చేస్తుంది. గడియారం ఆగుతుంది, ఎదుటివాడి ఫ్రీ త్రో తప్పితే బంతి దొరకొచ్చు. కాకపోతే చెయ్యి బంతి కోసం వెళ్లినట్టు ఉండాలి. బంతిని వదిలేసి జెర్సీ పట్టుకుని లాగితే అది అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ ఫౌల్. ఫ్రీ త్రోలూ వాళ్లకే, బంతీ వాళ్లకే. అలాంటివి రెండు చేసినవాడు డ్రెస్సింగ్ రూమ్‌కి నడవాల్సిందే.

సగం కోర్టులో ఆడే 3×3 పద్ధతి మరోలా ఉంటుంది. దాని వరల్డ్ టూర్ మాస్టర్స్ పోటీ 2018లో హైదరాబాద్‌కీ వచ్చింది. మాదాపూర్, కొండాపూర్ అపార్ట్‌మెంట్ల సగం కోర్టుల్లో ఆడుకునేవాళ్లకి దగ్గరైన ఆట ఇదే. జట్టుకి ముగ్గురు, పక్కన ఒక్క సబ్‌స్టిట్యూట్. అందుకే మామూలు ఫౌల్స్ ఎన్ని చేసినా ఆటగాణ్ని పంపెయ్యరు, అన్నీ జట్టు పద్దులోనే రాస్తారు. ఏడో ఫౌల్ నుంచి రెండు ఫ్రీ త్రోలు, పదో దాని నుంచి బంతి కూడా పోతుంది. నన్నడిగితే ఇదే గట్టి క్రమశిక్షణ. ఒకడి దూకుడుకి తోటివాళ్లందరూ కట్టాలి.

నోటిదురుసుకి టెక్నికల్ ఫౌల్ ఉంది. ఎన్‌బీఏలో ఒక మ్యాచ్‌లో రెండు పడితే బయటకి, రెగ్యులర్ సీజన్‌లో పదహారు పడితే ఒక మ్యాచ్ నిషేధం, జరిమానాలు సరేసరి. మొరటు దెబ్బలకి ఫ్లాగ్రెంట్ పాయింట్లు. ఇవి మ్యాచ్‌తో చెరిగిపోవు, ప్లేఆఫ్స్ పొడుగునా పోగవుతాయి. 2016 ఫైనల్స్‌లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ 3-1తో ముందుంది. నాలుగో మ్యాచ్‌లో ఆ జట్టు ఆటగాడు డ్రేమండ్ గ్రీన్ క్లీవ్‌లాండ్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్‌తో గొడవపడ్డాడు. ఆ రాత్రి రిఫరీలు ఫ్లాగ్రెంట్ అనలేదు. తర్వాత లీగ్ వాళ్లు పరిశీలించి ఒక పాయింటు వేశారు. విడిగా చూస్తే చిన్నదే, కానీ అంతకుముందే మూడు పోగయ్యాయి. నాలుగోదానికి ఒక మ్యాచ్ నిషేధం. అతను లేని ఐదో మ్యాచ్‌లో సొంత కోర్టులోనే వారియర్స్ ఓడింది, చివరికి 4-3తో కప్పు క్లీవ్‌లాండ్‌కి పోయింది. అంతా ఆ ఒక్క నిషేధం వల్లేనా అన్నది తేలే విషయం కాదు. వారియర్స్ సొంతగడ్డ బే ఏరియాలో చుట్టాలున్న సైబరాబాద్ అభిమాని దగ్గర ఈ మాట ఎత్తి చూడండి, లంచ్ బ్రేక్ చాలదు.