సమాధి ముందు కలగని భయం శ్మశానం ముందు ఎందుకు?

పుదుచ్చేరి మెరీన్ వీధిలోని శ్రీ అరవిందాశ్రమంలో, ప్రాంగణం నడుమ, చెట్టు నీడన పూలతో అలంకరించిన పాలరాతి సమాధి ఉంది. శ్రీ అరవిందులు 1950 డిసెంబరు 5న కన్నుమూశారు. దేహాన్ని 9వ తేదీన అక్కడ ఉంచారు. 1973 నవంబరు 17న పరమపదించిన శ్రీమాత దేహాన్ని అదే సమాధిలోని పై అరలో 20న నిక్షిప్తం చేశారు. సందర్శకులు ఆ రాతికి నుదురు ఆనించి మౌనంగా నిలుస్తారు. ఇంటికి వెళ్ళాక తలస్నానం చేయాలని వారిలో ఎవరూ తలపోయరు.

అయితే శ్మశానానికి వెళ్ళివచ్చినవారు మాత్రం స్నానం చేయనిదే గడప దాటరు. పట్టణంలోని కరువడికుప్పంలో ఈ రెండూ దగ్గర దగ్గరగానే కనిపిస్తాయి. అక్కడ శ్మశానవాటికా ఉంది, సిద్ధానంద స్వామి సమాధి ఆలయమూ ఉంది. మొదటిదానికి దూరంగా ఉంచే పిల్లలనే పెద్దలు రెండవదానికి వెంటబెట్టుకుని వెళతారు.

ఈ తేడాకు మూలం అపరకర్మల విధానంలో ఉంది. మరణించిన వ్యక్తి వెంటనే పితృదేవత కాడు, మొదట ప్రేత. ఇల్లు విడిచినా గమ్యం చేరని స్థితి అది. పిండప్రదానాలు జరిగి, సాధారణంగా పన్నెండవ రోజున సపిండీకరణం పూర్తయ్యాకనే పితరుల వరుసలో చోటు దక్కుతుంది. కులాచారాన్ని బట్టి రోజుల లెక్క మారవచ్చు గాని, భయమూ మైలా ఆ నడిమి కాలానికే చెందినవి. ఆ తరువాత అదే వ్యక్తికి తద్దినం పెట్టి, ఆశీస్సులు కోరుతారు. ఫ్రెంచి పండితుడు రాబర్ట్ హెర్ట్జ్ 1907లో ప్రకటించిన వ్యాసంలో, బోర్నియో దీవి తెగల ఆచారాలను పరిశీలించి, దాదాపు ఇదే నిర్ణయానికి వచ్చాడు.

సన్న్యాసి సంగతి వేరు. ఆశ్రమ స్వీకారవేళనే తన శ్రాద్ధం తానే పెట్టుకున్నవాడు గనుక అతనికి ప్రేతస్థితి లేదు, బంధువులకు మైల లేదు. దహనానికి బదులు సమాధి చేస్తారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనానికి భక్తులు ప్రదక్షిణ చేయడంలో జంకు లేకపోవడం ఇందువల్లనే. అరవిందులు కాషాయం ధరించినవారు కారు. అయినా జనం మనస్సు ఆయనను ఆ కోవలోనే చేర్చుకుంది.

క్రైస్తవులకు నవంబరు 2 ఆత్మల పండుగ. ఉప్పలం శ్మశానవాటికలో ఆనాడు కుటుంబాలు సమాధులు కడిగి, పూలుంచి, కొవ్వొత్తులు వెలిగిస్తాయి. అక్కడ కూడా భయాన్ని పోగొట్టేది ఏటా తప్పని ఆ పలకరింపే.

కర్మకు అవకాశం లేనప్పుడు ఏమవుతుందో కొవిడ్ కాలం చూపింది. 2020 జూన్‌లో, కొవిడ్‌తో మరణించిన వ్యక్తి దేహాన్ని సిబ్బంది గోతిలోకి విసిరేసిన దృశ్యాలు పుదుచ్చేరిని కలచివేశాయి. కలెక్టరు విచారణకు ఆదేశించారు. నిజానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2020 మార్చి 15 నాటి మార్గదర్శకాలు ఇంత దూరాన్ని కోరలేదు. దేహానికి స్నానం చేయించడం, ముద్దాడటం, కౌగలించుకోవడం వద్దన్నాయి. ముఖం కడసారి చూడటానికి, తాకకుండా మంత్రపఠనం చేయడానికి, పవిత్రజలం చల్లడానికి అనుమతించాయి. చితాభస్మం వల్ల ఏ ముప్పూ లేదని, దానిని సేకరించి అంత్యక్రియలు జరుపుకోవచ్చని కూడా పేర్కొన్నాయి. అయినప్పటికీ అనేక చోట్ల అస్థికల కోసం ఎవరూ రాలేదు. కర్ణాటకలో అలా మిగిలిపోయిన అస్థికలను 2021 జూన్‌లో ప్రభుత్వమే కావేరిలో నిమజ్జనం చేయించింది.