గనిధూళియు ఊపిరితిత్తులును: తల్లిదండ్రులకు ఒక మనవి

ప్రతి యేట మన వార్షిక సంచికయందు చదువును గూర్చియో, నడవడిని గూర్చియో నాలుగు మాటలు వ్రాయుట నాకు అలవాటు. ఈ యేడు ఒక వ్యాధిని గూర్చి వ్రాయుచున్నాను. అందులకు కారణము కలదు.

గడచిన సంవత్సరము ఎనిమిదవ తరగతి బాలుడొకడు వరుసగా పది దినములు బడికి రాలేదు. విచారించుటకై వాని యింటికి వెళ్లితిని. వాని తాతగారు మంచముమీద ఒరిగి కూర్చుండి, రెండు మాటలు పలుకునంతలోనే ఆయాసపడుచుండిరి. ఆయన ఇరువది యేండ్లకు పైగా చాంపియన్ రీఫ్ గనిలో రాతికి తూట్లు వేసినవారు. టి.బి. అని చెప్పి మందులిచ్చిరట. నాలుగు నెలలు మ్రింగి, కొంత నెమ్మదించగానే మానివేసిరట. "గనిలో పనిచేసిన సంగతి డాక్టరుగారితో చెప్పినారా?" అని అడిగితిని. "వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. గని మూసి ఇన్నేండ్లాయె గదా అయ్యవారూ!" అనిరి.

ఆ చెప్పని ఒక్క మాటలో ఎంత అపాయమున్నదో తెలుపుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము. మన పిల్లలలో అనేకుల తాత ముత్తాతలు గనిలో దిగినవారే గనుక ఇది పరుల కథ కాదు.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీవారు ఇచట గనుల నిర్వహణమును చేపట్టిరి. చిత్తూరు, కడప, ఉత్తరార్కాటు ప్రాంతములనుండి తెలుగువారును తమిళులును కూలికై వచ్చి లైన్లలో కాపురముండిరి. చాంపియన్ రీఫ్ గని కాలక్రమమున 3 కిలోమీటర్లకు మించిన లోతునకు దిగెను. అచట బంగారము విడిగా దొరకదు. పలుగురాతి పొరలయందు కలిసియుండును. ఆ రాతిని తొలిచి, పేల్చి, పొడిచేసిననే గాని బంగారము చేతికి రాదు. ఈ పలుగురాయి యనునది సిలికా అను పదార్థము. దాని ధూళివలన కలుగు ఊపిరితిత్తుల వ్యాధికే సిలికోసిస్ అని పేరు.

వ్యాధి మాత్రము క్రొత్తది కాదు. 1556లో అచ్చయిన తన గనిశాస్త్ర గ్రంథమున అగ్రికోలా అను జర్మను పండితుడు, కార్పాతియను కొండల గనులయొద్ద ఒక్కొక్క స్త్రీ వరుసగా ఏడుగురు భర్తలను పోగొట్టుకొనుట కలదని వ్రాసెను. 1930లో దక్షిణాఫ్రికాలోని జోహానెస్‌బర్గు నగరమున ఈ వ్యాధిని గూర్చి అంతర్జాతీయ సభ జరిగెను. మన గనులకు సంబంధించి 1947లో ఒక పరిశోధన ప్రచురింపబడెను. 1940 మొదలు 1946 వరకు పరీక్షింపబడిన 7,000 మందికి పైబడిన పనివారిలో నూటికి 40 మందికి మించి సిలికోసిస్ కలదని అది తెలిపెను. మన దేశమున ఈ వ్యాధిని గూర్చి తొలుత వెలువడిన నివేదికలలో అది యొకటి. పిమ్మట 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమునందును, 1952 నాటి గనుల చట్టమునందును సిలికోసిస్ తప్పక తెలియజేయవలసిన వ్యాధులలో చేర్చబడెను.

ఇక ఆ ధూళి చేయు పని యెట్టిదో చూతము. మనము పీల్చు గాలిలోని పెద్ద నలుసులను ముక్కులోని వెండ్రుకలును, శ్వాసనాళములలోని జిగురును పట్టి వెలికి నెట్టును. కాని మిల్లీమీటరులో వేయవవంతు మైక్రాను అనబడును. 5 మైక్రానులకు లోబడిన నలుసు ఈ కావలిని దాటి, ఊపిరితిత్తుల చివరనున్న సన్నని గాలితిత్తులలోనికి పోవును. అది కంటికి కనబడదు. కనబడు దుమ్ముకంటె కనబడని దుమ్మే ఎక్కువ హానికరము.

గాలితిత్తులలో మాక్రోఫేజులు అను కావలి కణములు కలవు. లోన ప్రవేశించిన సూక్ష్మక్రిములను మ్రింగి జీర్ణించుకొనుట వాటి పని. సిలికా నలుసును కూడ అవి అట్లే మ్రింగును. కాని రాయి జీర్ణము కాదు. నలుసు తగిలి కణములోని జీర్ణరసపు సంచి చినుగును, రసము కణమునే తినివేయును, కణము చచ్చును. నలుసు మరల బయటపడును, మరియొక కణము దానిని మ్రింగును. ఇట్లు ఒకే నలుసు ఒకదాని వెంట నొకటిగా కావలివారిని చంపుచుండును. ఆ కణములు వాపును పుట్టించు సంకేతములను విడుచును. వాని వెంట నారవంటి పదార్థము పేరుకొని, మెత్తగా సాగవలసిన ఊపిరితిత్తి గట్టి మచ్చలతో నిండును. ఈ సంకేతములు కణములోని ఏ యంత్రాంగమువలన పుట్టునో 2008లో ప్రచురింపబడిన పరిశోధనలు తేటపరచినవి.

దీనినుండి మూడు సంగతులు తెలియవచ్చుచున్నవి. మొదటిది: నలుసు లోననే యుండును గాన, పని మానిన తరువాత సైతము వ్యాధి ముదురవచ్చును. కోలారు గనులు 2001వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన మూతపడినవి. గని మూతపడుటతో ఛాతీలోని ధూళి తొలగిపోలేదు. సాధారణముగా ఈ వ్యాధి పదేండ్లో, అంతకు మించియో ధూళి పీల్చిన పిదప బయటపడును. రెండవది: ఏర్పడిన మచ్చను చెరపు మందు లేదు. మచ్చ పెరుగుటను కొంత మందగింపజేయు మందులను కొందరు రోగుల విషయమున వైద్యులు వాడుచున్నారు. అంతకు మించి నయము చేయునవి లేవు. మూడవది: క్షయక్రిమిని ఎదుర్కొనవలసిన కణములే దెబ్బతినుటచేత, సిలికోసిస్ గలవారికి క్షయ తగులు అవకాశము ఇతరులకంటె చాల హెచ్చు.

వ్యాధి నడచు దారిని తప్పుగా ఊహించినచో చికిత్సయు తప్పుదారి పట్టును. సిలికా శరీరరసములలో కరగుటచేతనే విషమగుచున్నదని ఒకప్పుడు కొందరు పండితులు తలచిరి. అల్యూమినియము పొడి దానిని కరగనీయదని భావించి, కెనడాలోని ఆంటేరియో రాష్ట్రమున 1943 మొదలు 1979 వరకు గనిపనివారిచే షిఫ్టునకు ముందు ఆ పొడిని పీల్పించిరి. 1956లో బ్రిటనునందు ప్రచురింపబడిన పరీక్ష దానివలన రోగులకు మేలు లేదని చూపినను, ఆంటేరియోలో ఆ అలవాటు మరి ఇరువది యేండ్లకు పైగా సాగెను. తుదకు 2022లో, ఆ పొడిని పీల్చినవారికి కలిగిన పార్కిన్సన్ వ్యాధిని వృత్తివలన వచ్చిన వ్యాధిగా అచటి ప్రభుత్వ సంస్థ అంగీకరించవలసివచ్చెను.

మన ఇండ్లలో మరియొక నమ్మకము కలదు: పని ముగించి బెల్లము తినినచో దుమ్ము దిగిపోవునని. 1994లో లక్నో నగర శాస్త్రజ్ఞులు ఎలుకలకు బెల్లము పెట్టి పరిశోధించి, ధూళి ఊపిరితిత్తులనుండి కదలుటకు అది కొంత తోడ్పడునని వ్రాసిరి. ఎలుకలయందు కనబడినది మనుష్యులయందు రుజువైన చికిత్స కానేరదు. బెల్లము తినుటలో తప్పులేదు. బెల్లము తింటిమి గదాయని ముక్కునకు రక్షణ మానుట తప్పు.

క్షయ విషయమున మాత్రము పరిశోధన మనకు నిజమైన మేలు చేసినది. మన జిల్లా పొరుగున మదనపల్లె సమీపమున 1915లో ఆరోగ్యవరము శానిటోరియము ప్రారంభమగునాటికి విశ్రాంతి, మంచిగాలి, మంచి ఆహారము తప్ప క్షయకు మందు లేదు. మందులు వచ్చిన పిదప, 1956లో మద్రాసున నెలకొల్పబడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రమువారు 193 మంది రోగులను రెండు భాగములు చేసి, ఒక భాగమునకు ఇంటియందును, రెండవ భాగమునకు శానిటోరియమునందును ఒక యేడు అవే మందులిచ్చిరి. 1959లో ఫలితములు ప్రకటింపబడెను. ఇరుకు ఇండ్లలో ఉండి మందు తినినవారు శానిటోరియములో ఉన్నవారితో దాదాపు సమానముగనే కోలుకొనిరి. వారి కుటుంబములలోని వారికి అందువలన అధికముగా రోగము సోకలేదు. కూలివాడు పనిని, సంసారమును విడిచి దూరదేశము పోనక్కరలేదని ఒక పరిశోధన తేల్చెనన్నమాట.

సిలికోసిస్, క్షయ రెండును గలవారి సంగతి వేరు. మద్రాసు కేంద్రమువారు కూడ పాల్గొని హాంకాంగు నగరమున జరిపిన పరీక్ష 1991లో ప్రచురింపబడెను. ఆరు నెలలు మందు తినినవారిలో నూటికి 22 మందికి క్షయ తిరుగబెట్టగా, ఎనిమిది నెలలు తినినవారిలో నూటికి 7 మందికి మాత్రమే తిరుగబెట్టెను. క్రిమి ఆ మచ్చల మరుగున దాగియుండును. మందు అచటికి చేరి దానిని చంపుటకు ఎక్కువ కాలము పట్టును. మరుసటి యేడు వెలువడిన మరియొక పరీక్షవలన, సిలికోసిస్ ఉండి క్షయ ఇంకను రానివారికి ముందుగా మందులిచ్చినచో, అయిదేండ్లలో క్షయ వచ్చువారి సంఖ్య సుమారు సగమునకు తగ్గునని తేలెను. అందుచేతనే సిలికోసిస్ రోగులను క్షయ నివారణకై పరీక్షింపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థయు, మన దేశపు క్షయ నిర్మూలన కార్యక్రమమును చెప్పుచున్నవి.

ఆ తాతగారు చెప్పని మాట విలువ ఇప్పుడు తెలిసియుండును. ఎక్స్‌రే చిత్రమున క్షయమచ్చలును, ధూళిమచ్చలును ఒకదానినొకటి పోలియుండుట కలదు. రోగి ఏ పని చేసినవాడో తెలియనిదే వైద్యుడు ఆ రెంటిని వేరుపరచుట కష్టము. అది తెలిసినచో ఎన్ని నెలలు మందు ఈయవలెనో, దేనిని కనిపెట్టి చూడవలెనో ఆయన నిర్ణయింపగలడు.

ఇది గతించిన కాలపు ముచ్చట అని తలపవలదు. గనులు మూతపడిన పిదప మన తండ్రులును, అన్నలును మారికుప్పము రైలులో ప్రతిదినము బెంగుళూరునకు పోయి టైల్సు కోయుట, నేలరాళ్లు నునుపుచేయుట, గోడలు పగులగొట్టుట మొదలగు పనులు చేయుచున్నారు. జిల్లాలో రాతిక్వారీలును, కంకర క్రషర్లును కలవు. ఆ ధూళియందును సిలికాయే యున్నది. మన తెలుగు బడులకు పలకలు పంపిన మార్కాపురమున పలకలు కోసిన కార్మికులకును, మధ్యప్రదేశమున మంద్‌సౌరులో పలకపుల్లలు చేసిన కార్మికులకును ఈ వ్యాధియే వచ్చెను. పిల్లవాడు అక్షరములు దిద్దిన పలక వెనుక ఒకని ఊపిరి అరిగియుండవచ్చునని నేనును ఆలస్యముగానే తెలిసికొంటిని. బడిలోని సుద్దముక్క పొడివలన ఈ వ్యాధి రాదు. దానిలో ఉన్నది సున్నపు జాతి పదార్థము. ఆ విషయమున తల్లులు భయపడనక్కరలేదు.

కావున నా మనవులు ఇవి. ఇంటిలో గనిపని, క్వారీపని, రాతికోతపని చేసిన పెద్దలుండి వారికి దగ్గు, ఆయాసము కలిగినచో, ఏ వైద్యునియొద్దకు పోయినను పని పేరును, చేసిన యేండ్లను అడుగకముందే చెప్పుడు. పాత ఎక్స్‌రే లున్నచో దాచి తీసికొనిపొండు. రెండు వారములకు మించిన దగ్గునకు కఫపరీక్ష చేయింపుడు. ప్రభుత్వ వైద్యశాలలలో క్షయకు పరీక్షయు, మందులును ఉచితము. మందులను వైద్యుడు చెప్పినదాక విడువవలదు. బీడీ, సిగరెట్టులు మానిపింపుడు. రాతిని కోయునపుడు నీరు పోయుచు కోయవలెను. మూతికి కట్టిన రుమాలు సన్నని ధూళి నాపలేదు, ఎన్-95 వంటి మాస్కు కావలెను. పనిబట్టలను ఇంటిలో దులుపక నీట తడిపి ఉతుకుడు. సైనైడు దిబ్బలవైపునుండి గాలి వీచునపుడు కిటికీలు మూసి, నేలను పొడిచీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తుడువుడు. సిలికోసిస్ అంటువ్యాధి కాదు. ఆ రోగిని వేరు పెట్టి బాధింపకుడు. క్షయ అంటునది, దానికి మందు కలదు.

ఆ తాతగారిని మరల వైద్యశాలకు తీసికొనిపోయిరి. ఈ మారు గనిపని సంగతి చీటీమీద మొదటనే వ్రాయించిరి. ఆయాసము పూర్తిగా పోలేదు, పోదు కూడ. కాని మందులు పూర్తియైనవి, కఫమున క్రిమి లేదు. ఆయన తరువాతి మాట నాకు మరపురాదు. "నా సంగతి ఇంతే అయ్యవారూ. మా వాడు బెంగుళూరులో రాళ్లు కోస్తున్నాడు, వానికి చెప్పండి" అనిరి. ఆ బాలుని తండ్రికి చెప్పితిని. తక్కిన తండ్రులందరికిని ఈ పుటలద్వారా చెప్పుచున్నాను.