గెలిచిన కేసు... మళ్లీ మొదటికి!

పరిహారం ఇమ్మని ట్రైబ్యునల్ చెప్పింది. బీమా కంపెనీ హైకోర్టుకెళ్లింది. ఏళ్లు గడిచాక తీర్పొచ్చింది. గెలుపూ కాదు, ఓటమీ కాదు... మళ్లీ విచారించండంటూ కేసును ట్రైబ్యునల్‌కే తిప్పి పంపారు! రోడ్డు ప్రమాదంలో ఇంటి పెద్దను పోగొట్టుకున్న కుటుంబానికి ఇదో అయోమయం.

దీన్నీ రిమాండ్ అనే అంటారు. కంగారుపడొద్దు, ఇక్కడ రిమాండ్‌కు వెళ్లేది మనిషి కాదు, ఫైలు.

మోటారు వాహనాల చట్టం 173వ సెక్షన్ ప్రకారం ట్రైబ్యునల్ తీర్పుపై 90 రోజుల్లోగా హైకోర్టులో అప్పీలు చేసుకోవచ్చు. తేడా లక్ష రూపాయల లోపైతే ఆ అవకాశం లేదు. డ్రైవరు లైసెన్సు నకిలీదని కంపెనీ అంటుంది. రవాణా శాఖ ఉద్యోగిని సాక్షిగా పిలిపించమంటే ట్రైబ్యునల్ ఒప్పుకోలేదనుకుందాం. లేదంటే కాలు పోయిన బాధితుడి వైకల్యం ఎంత శాతమో డాక్టరును అడక్కుండానే తీర్పు రాసేశారనుకుందాం. ఇలాంటప్పుడు మళ్లీ వినమనడంలో న్యాయముంది.

కానీ ప్రతిదానికీ తిప్పి పంపనక్కర్లేదు. రికార్డులో సరిపడా సాక్ష్యం ఉంటే అప్పీలు కోర్టే తేల్చేయవచ్చని సివిల్ ప్రొసీజర్ కోడ్ 41వ ఆర్డరు చెబుతోంది. ఒక్క అంశమే మిగిలితే కేసును తన దగ్గరే ఉంచుకుని, దానిమీద మాత్రం కింది కోర్టు అభిప్రాయం తెప్పించుకోవచ్చు.

లెక్క తప్పిందన్న గొడవకైతే రిమాండ్ అసలు దండగ. సూత్రాలన్నీ సుప్రీంకోర్టు 2009లో, 2017లో ఖరారు చేసేసింది. ఉదాహరణకు 28 ఏళ్ల మెకానిక్, నెలకు 15,000 సంపాదన, భార్య, ఇద్దరు పిల్లలు. భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలిపితే 21,000. సొంత ఖర్చులకు మూడో వంతు తీసేస్తే 14,000. ఏడాదికి 1,68,000. ఆ వయసుకు గుణకం 17. మొత్తం 28,56,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చులాంటివి అదనం. కాగితం, పెన్ను ఉంటే చాలు... మళ్లీ వాయిదాలెందుకు?

జీవిత, ఆరోగ్య బీమా ఫిర్యాదులకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఆయన అవార్డు ఇస్తే కంపెనీ పాటించాల్సిందే. పాలసీదారుకు నచ్చకపోతే వినియోగదారుల కమిషన్‌కో, కోర్టుకో వెళ్లొచ్చు. అవార్డుపై అప్పీలు లేదు కనుక కంపెనీలు రాజ్యాంగంలోని 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ వేస్తుంటాయి. అక్కడ కథ వేరు. పాలసీదారు షుగరు జబ్బు దాచారా, లేదా అన్నది హైకోర్టు మామూలుగా తేల్చదు. ఇద్దరి మాటా విన్నారా, కారణాలు రాశారా అన్నదే చూస్తుంది. రాయకపోతే రద్దు చేసి మళ్లీ వినమంటుంది.

ప్రమాద కేసుల్లో డబ్బు సంగతి మరిచిపోకూడదు. అప్పీలు చేసే కంపెనీ 25,000 రూపాయలు లేదా పరిహారంలో సగం, ఏది తక్కువైతే అది ముందే డిపాజిట్ చేయాలి. స్టే కావాలంటే ఇంకా ఎక్కువ కట్టమని హైకోర్టు చెప్పవచ్చు. పాత తీర్పు రద్దయ్యాక ఆ సొమ్ము వాపసు ఇమ్మని కంపెనీ అడిగే వీలుంది. కేసు తేలేదాకా డిపాజిట్ కదపొద్దనీ, ఫలానా తేదీన ఇరుపక్షాలూ హాజరు కావాలనీ, ఇన్ని నెలల్లో విచారణ ముగించాలనీ రిమాండ్ ఉత్తర్వులోనే రాయించమని లాయరుకు గుర్తుచేయండి. ఉత్తర్వు వెలువడ్డాక చెబితే మరో పిటిషన్, మరో ఖర్చు.

ఇంకోటి. కేసు మొదటికొచ్చినా, వడ్డీ మాత్రం ట్రైబ్యునల్‌లో తొలిసారి పిటిషన్ వేసిన రోజు నుంచే ఇప్పించమని అడగొచ్చు. 171వ సెక్షన్ అందుకు వీలు కల్పిస్తోంది.