ఒడిలో ఎన్ని గంటలు?

రైలు మీ పాప వయసు అడుగుతుంది. విమానమూ వయసే అడుగుతుంది గానీ గీత వేరేచోట గీస్తుంది. మెట్రోకు వయసుతో పని లేదు, ఎత్తు చూస్తుంది. రైల్లో 5 ఏళ్లు నిండని పిల్లలకు విడిగా బెర్తు అడగకపోతే టికెట్టే అక్కర్లేదు. విమానంలో 2 ఏళ్లు నిండేదాకా కొద్దిపాటి చార్జీతో ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. ఆ తర్వాత సీటు కొనాల్సిందే, దాని ధర పెద్దవాళ్ల ధరకు దగ్గరగానే ఉంటుంది. హైదరాబాద్ మెట్రోలో 90 సెంటీమీటర్ల లోపు, అంటే మూడడుగుల లోపు ఎత్తున్న పిల్లలకు ఉచితం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెరుగుదల పట్టికలు చూస్తే మామూలుగా ఎదిగే పిల్లలు రెండున్నర ఏళ్లకు అటూ ఇటూగా ఆ ఎత్తు దాటేస్తారు. కాబట్టి రెండేళ్ల ఎనిమిది నెలల పాప రైలుకు లెక్కలోకి రాదు, విమానంలో సీటున్న ప్రయాణికురాలు, మెట్రోలో టికెట్టు కొనాల్సిన మనిషి.

ఈ మూడూ డబ్బు లెక్కలు. ఊరి నుంచి నగరంలోని చుట్టాలింటికి బయల్దేరే అమ్మానాన్నలు వీటికంటే ముందు వేసుకోవాల్సిన లెక్క ఒకటుంది. ఇంటికి తాళం వేసినప్పటి నుంచి పిన్ని వాళ్ల గుమ్మంలో చెప్పులు విప్పేదాకా, పిల్ల మెలకువగా ఉండి కదలడానికి వీల్లేకుండా ఎన్ని గంటలు గడపాలి? ఐదేళ్లలోపు పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల్లో, పిల్లల్ని ఒక్క దఫాలో గంటకు మించి కట్టేసినట్టు కూర్చోబెట్టొద్దని ఉంది. అది రోజువారీ జీవితం గురించి చెప్పిన మాట. కానీ ప్రయాణానికి అంతకంటే మంచి కొలత నాకు కనబడలేదు.

విశాఖపట్నం నుంచి కూకట్‌పల్లి వెళ్లే కుటుంబాన్ని తీసుకుందాం. రైలు దారి దాదాపు 700 కిలోమీటర్లు. 2023 జనవరిలో మొదలైన వందే భారత్ సుమారు ఎనిమిదిన్నర గంటల్లో సికింద్రాబాద్ చేరుస్తుంది. కానీ అది తెల్లవారి 6 గంటల లోపే కదిలే బండి. పిల్లను నాలుగింటికే లేపాలి. పైగా అన్నీ కుర్చీలే. ఉచితమని సీటు తీసుకోకపోతే ఆ ఎనిమిదిన్నర గంటలూ అమ్మ ఒడో నాన్న ఒడో తప్ప ఇంకో చోటు లేదు.

విమానం గాల్లో ఉండేది గంటా పావు. అది చూసి మురిసిపోకూడదు. రెండు గంటల ముందు విమానాశ్రయం చేరాలి, దిగాక సామాను కోసం నిలబడాలి, శంషాబాద్ నుంచి కూకట్‌పల్లికి 35, 40 కిలోమీటర్లు కారులో వెళ్లాలి. ఇంటి నుంచి ఇంటికి ఐదారు గంటలు, అన్నీ పిల్ల మెలకువగా ఉండే గంటలే. అయితే విమానాశ్రయంలో పరుగెత్తడానికి చోటుంటుంది, అది చిన్న మేలు కాదు. 12 ఏళ్ల లోపు పిల్లలకు అదే టికెట్టులో ఉన్న తల్లి పక్కనో తండ్రి పక్కనో సీటు ఇచ్చి తీరాలని పౌర విమానయాన డైరెక్టరేట్ 2024లో విమాన సంస్థలను ఆదేశించింది. విడివిడి సీట్లు వస్తే గట్టిగా అడగండి. విమానం దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేస్తాయి కాబట్టి పాలసీసా, నీళ్లగ్లాసు అప్పటికి దాచిపెట్టాలి. పిల్ల మింగుతూ ఉంటే చెవిలో ఒత్తిడి సర్దుకుంటుంది.

ఇక గోదావరి ఎక్స్‌ప్రెస్. సాయంత్రం ఐదు దాటాక కదిలి, తెల్లవారి ఆరింటి ప్రాంతంలో హైదరాబాద్ చేరుతుంది. పన్నెండున్నర గంటలకు దగ్గర, మూడింటిలో ఇదే ఆలస్యం. అయినా నా ఓటు దీనికే. ఒకటి రెండేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ల వాళ్లకు 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి. రాత్రి బండిలో ఎనిమిది తొమ్మిది గంటలు ఆ నిద్రలోనే కరిగిపోతాయి. మిగిలేది మూడు నాలుగు గంటలు. అందులో తుని, సామర్లకోట, గోదావరి వంతెన చూపిస్తూ గడిపేది కొంత.

కాకపోతే ఇక్కడ కూడా ఉచితమన్న మాటకు లొంగిపోకూడదు. బెర్తు వెడల్పు రెండడుగులే. అందులో తల్లీ, కాళ్లూ చేతులూ విసిరి పడుకునే రెండేళ్ల పిల్లా పట్టరు. తల్లి రాత్రంతా ఒక పక్కకు ఒత్తిగిలి, పిల్ల జారిపోతుందేమోనని కునుకు తీయకుండా గడుపుతుంది. తెల్లారి చుట్టాలింట్లో నవ్వుతూ కబుర్లు చెప్పాల్సింది కూడా ఆమే. రైల్వే ఈ కష్టాన్ని గుర్తించకపోలేదు. 2022 మేలో లఖ్‌నవూ మెయిల్‌లో కింది బెర్తుకు పక్కన మడిచే బుల్లి బెర్తును ప్రయోగంగా అమర్చింది. దాని పొడవు 77 సెంటీమీటర్లు, వెడల్పు 25.5. ఏడాది నిండిన పిల్లల సగటు ఎత్తే 74, 76 సెంటీమీటర్లు. నడక వచ్చిన పిల్లకు అది చాలదు.

ఐదేళ్ల లోపు పిల్లలకు కావాలంటే పూర్తి చార్జీ కట్టి బెర్తు తీసుకోవచ్చు. అలా కింది బెర్తూ దాని మీది మధ్య బెర్తూ మన పేరునే ఉండేలా చూసుకోవడం మంచిది. ఎందుకంటే రైల్వే పడక వేళ రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకే. పిల్లకు ఎనిమిదిన్నరకే నిద్ర ముంచుకొస్తుంది. పదింటిదాకా కింది బెర్తు మీద కూర్చునే హక్కు మధ్య బెర్తు ప్రయాణికుడికి ఉంటుంది. ఆ ప్రయాణికుడు మనవాడే అయితే ఎవరినీ బతిమాలనక్కర్లేదు.

తెల్లవారి దిగాక అసలు ప్రమాదం మొదలవుతుంది. అంత దూరం రైలు క్షేమంగా తెచ్చిన పిల్లను చివరి కొన్ని కిలోమీటర్లలో మనం ఎలా తీసుకెళ్తున్నామో గమనించం. బాబాయి కారు తెస్తాడు. అమ్మ ముందు సీటులో కూర్చుని పిల్లను ఒళ్లో పెట్టుకుంటుంది. 12 కిలోల పిల్ల, 40 కిలోమీటర్ల వేగం, నగరంలో అది వేగమే కాదనిపిస్తుంది. ఆ వేగంలో దేన్నైనా గుద్దుకుంటే పిల్లకు తగిలే దెబ్బ ఆరు మీటర్ల ఎత్తు నుంచి, అంటే రెండంతస్తుల మేడ మీద నుంచి పడ్డ దెబ్బతో సమానం. కారు సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకుంటే, ఆ క్షణంలో పిల్లను పట్టుకోవడానికి దాదాపు 136 కిలోల బరువును ఆపేంత బలం కావాలి. ఏ తల్లి చేతులకూ అది సాధ్యం కాదు. ప్రేమ చాలక కాదు, లెక్క అలాంటిది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా కారు నడిపితే జరిమానా 1,000 రూపాయలు. జరిమానా చిన్నదే గానీ దాని వెనకున్న లెక్క పెద్దది.

బావగారు స్కూటర్ మీద వస్తానంటే వద్దని నిక్కచ్చిగా చెప్పాలి. నాలుగేళ్ల లోపు పిల్లలకు హెల్మెట్టూ, నడిపేవాళ్లకు కట్టి ఉంచే పట్టీ ఉండాలనీ, వేగం 40 దాటకూడదనీ 2022లో నోటిఫై చేసిన నిబంధనలు చెబుతున్నాయి. అవి రెండూ చుట్టాలింట్లో ఉండవు. పిల్లల సీటు లేని కారు కంటే మెట్రో మేలు. సికింద్రాబాద్‌లోనే రైలు దిగి, స్టేషన్‌ పక్కనే నీలం లైను ఎక్కి, అమీర్‌పేటలో ఎర్ర లైనుకు మారితే కూకట్‌పల్లి. ఒక్క పెద్ద పెట్టె తగ్గించుకుంటే ఇది హాయిగా సాగుతుంది.

ఇంటికి చేరాక, స్నానాల కంటే ముందు బాల్కనీ చూడండి. అపార్ట్‌మెంటు పిట్టగోడ సాధారణంగా మీటరు ఎత్తుంటుంది. పిల్ల ఎత్తు 85, 90 సెంటీమీటర్లు. పక్కన ఒక ప్లాస్టిక్ స్టూలు ఉంటే ఆ గోడ ఇక గోడ కాదు. స్టూళ్లు, పూలకుండీలు లోపల పెట్టించమని అడగడానికి మొహమాటపడకండి. రిమోట్లలో, బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీల సంగతీ చెప్పాలి. అవి మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తాయి. అనుమానం వస్తే వెంటనే ఆసుపత్రికే.

జ్వరం మందు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. పారాసిటమాల్ సిరప్ 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములు ఉన్నదీ దొరుకుతుంది, 250 ఉన్నదీ దొరుకుతుంది. కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున 12 కిలోల పిల్లకు 180 కావాలి. మొదటిదాంట్లో అది ఏడున్నర మిల్లీలీటర్లు, రెండోదాంట్లో మూడున్నర దాటి కొంచెం. అమ్మ ఇంటి దగ్గర అలవాటైన ఏడున్నర గుర్తు పెట్టుకుని, చుట్టాలింటి సీసాలోంచి అదే పోస్తే పిల్ల ఒంట్లోకి రెట్టింపు మందు పోతుంది. మీ డాక్టరు రాసిన మందు సీసానే వెంట తీసుకెళ్లండి. దాంతోపాటు ఓఆర్ఎస్ ప్యాకెట్లు కూడా. లీటరు నీళ్లకు కలిపే పెద్ద ప్యాకెట్టును ఒక గ్లాసులో కలపకూడదు, కలిపాక 24 గంటలు దాటితే పారబోయాలి. రెండేళ్ల లోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆపై వయసు వాళ్లకు 100 నుంచి 200.

చివరికి చుట్టాల చుట్టూ తిరుగుడు. నగరంలో నాలుగు పేటల్లో నాలుగిళ్లుంటాయి, ఎవరింటికి వెళ్లకపోయినా మాట వస్తుంది. కానీ పిల్ల రోజు ఎంతో చూడండి. 24లో 12, 13 గంటలు నిద్రకు పోతాయి. మిగిలిన పదకొండింటిని మధ్యాహ్నం కునుకు రెండుగా చీలుస్తుంది. ఒక్కో ముక్క ఐదు గంటలు. అందులో తిండి, స్నానం, దారి పోగా ఒక ఇంటికే సమయం సరిపోతుంది. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా 29 కిలోమీటర్ల మెట్రో గంటలోపు పూర్తవుతుంది, రోడ్డు మీద ఆ మాట ఎవరూ చెప్పలేరు. అందుకే రోజుకొక్క ఇల్లు చాలు. అంతకంటే మంచి దారి, పిల్ల దిగిన ఇంటికే మేనత్తల్నీ పెదనాన్నల్నీ ఒక సాయంత్రం పిలవడం. పెద్దవాళ్లకు బస్సు ఎక్కడం తెలుసు, పిల్లకు తెలియదు.

పిలిచాక ఆ పిల్లను అందరి చేతుల్లోకీ మార్చవద్దు. ఏడాది నుంచి ఏడాదిన్నర వయసులో అమ్మను వదిలితే భయపడటం సహజం, కొందరికి ఇంకా కొన్ని నెలలు ఉంటుంది. అలా ఏడ్చిన పిల్లను చూసి, గారాబం చేసి చెడగొట్టారని ఎవరైనా అంటే ఆ తల్లి మనసు ఎంత కష్టపడుతుందో ఆ అన్నవాళ్లకు తెలియదు. మొదటి అరగంట పిల్ల అమ్మ ఒళ్లోనే ఉండనిచ్చి, వచ్చినవాళ్లు నేల మీద కూర్చుంటే చాలు, దానంతట అదే దగ్గరికొస్తుంది. రానంటే మర్నాడు వస్తుంది, అందుకైనా ప్రయాణంలో ఒక రోజు ఎక్కువ పెట్టుకోవాలి.

ఆ అదనపు రోజును తిరుగు టికెట్టు కొనేటప్పుడే లెక్కలోకి తీసుకోండి. 2024 నవంబరు నుంచి రైలు రిజర్వేషన్లు ప్రయాణానికి 60 రోజుల ముందే తెరుస్తున్నారు. కింది బెర్తు కావాలంటే తెరిచిన రోజే కొనాలి, తిరుగు ప్రయాణానికి కూడా రాత్రి బండికే.